తోక కత్తిరించిన చిరుత

ధవళేశ్వరంలో మా వీధి మొదట్లో ఉన్న టీ కొట్టు దగ్గర నేను చెప్పిన ప్రకారం, ఈ పుష్యమాసంలో ఒక పొద్దున్న గోదావరి మధ్య లంకలో చిరుతపులికీ నాకూ మధ్య ఉన్న దూరం ఎనిమిది అడుగులు. అది నా కళ్ళలోకి చూసింది. నేను రెప్ప వెయ్యలేదు. అది మూతి నాక్కుంది. నేను కెమెరా నొక్కాను. ఇలాంటి మనిషిని ఇదివరకెన్నడూ చూడలేదన్నట్టు అది తల తిప్పుకుని నెమ్మదిగా రెల్లులోకి వెళ్ళిపోయింది.

అసలు జరిగింది వేరు. దూరం అరవై అడుగులకు తక్కువ ఉండదు. అది చూసింది నా కళ్ళలోకి కాదు, నీళ్ళలో కదిలిన చేప వైపు. మూతి నాక్కున్న మాట మాత్రం నిజం. నేను రెప్ప వెయ్యకపోవడానికి కారణం ధైర్యం కాదు. ఒక కన్ను కెమెరాకు ఆనించి ఉంది, రెండో కంటికి ఆపరేషన్ అయినప్పటి నుంచి దూరపువి సరిగా ఆనవు. అన్నిటికంటే ముఖ్యమైనది, అది చిరుతపులి కాదు. బావురుపిల్లి.

బావురుపిల్లి మన ఏటి పాయల్లో, మడ అడవుల్లో, చేపల చెరువు గట్ల వెంట తిరిగే అడవిపిల్లి. నీళ్ళలోకి చెయ్యి పెట్టి చేపను పట్టుకు తింటుంది. ఒంటి మీద నల్లటి మచ్చలు వరసగా ఉంటాయి. తల గుండ్రం, తోక పొట్టి. ఇంట్లో తిరిగే పిల్లికి రెట్టింపు ఉంటుంది, అంతే. మనిషి అలికిడి వింటే మాయమవుతుంది. దాన్ని ఫొటో తియ్యడమే గొప్ప. ఆ గొప్పతో నేను సరిపెట్టుకుని ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయవలసిన పని ఉండేది కాదు.

నేను నలభయ్యేళ్ళు పెళ్ళి ఫొటోలు తీశాను. ఫోన్లు వచ్చి అందరూ ఫొటోగ్రాఫర్లయ్యాక స్టూడియో మూసేసి, చలికాలం వస్తే లంకల్లో పిట్టల కోసం తిరగడం అలవాటు చేసుకున్నాను. జంతువులను తియ్యడం నాకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళికొడుకులను ఎలా తీశానో వాటినీ అలాగే తీశాను. పొట్టి పెళ్ళికొడుకును పొడుగ్గా చూపించాలంటే ఒక పద్ధతుంది. కెమెరా మోకాళ్ళ కిందికి దించాలి. కింది నుంచి పైకి చూడాలి. పక్కన కొలతకు దొరికేది ఏదీ ఉండకూడదు. కుర్చీ గానీ, గుమ్మం గానీ, పొడుగాటి బావమరిది గానీ ఫ్రేములో పడితే కత్తిరించెయ్యాలి. మిగిలిన ఫొటోలు ఆ పూటే చెరిపెయ్యాలి, కస్టమరు కంట పడనివ్వకూడదు.

ఆ పొద్దున్న నేను తడి ఇసకలో బోర్లా పడుకున్నాను. పిల్లి గట్టు మీద ఉంది, నేను పల్లంలో ఉన్నాను. కాబట్టి అది ఆకాశానికి ఆనినట్టు పడింది. దాని పక్కనే ఒక ఖాళీ కొబ్బరిబొండం దొర్లి ఉంది. పిల్లి తల బొండమంత కూడా లేదు. కత్తిరించేశాను. తోక పొట్టిగా ఉండి పరువు తీసేలా ఉంది. అదీ కత్తిరించేశాను. ఇంకో ఫొటోలో దాని వెనక, రెల్లు దుబ్బు మొదట్లో, గుప్పెడంత ముఖం ఒకటి తొంగి చూస్తోంది. పిల్ల. చాలా ముద్దుగా ఉంది. కానీ పక్కన పిల్ల ఉంటే తల్లి ఎంతుందో తెలిసిపోతుంది. ఆ ఫొటోతో సహా మిగతావన్నీ ఇంటికి రాగానే చెరిపేశాను. అలవాటు.

మా పొద్దుటి నడక గ్రూపులో ఒక్క ఫొటో పెట్టాను. కింద ‘మన లంకలో అతిథి’ అని మాత్రమే రాశాను. చిరుత అని రాయలేదు. ఎవరో ‘చిరుతా అండీ?’ అని అడిగారు. నేను నమస్కారం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. సాయంత్రానికి అది రాజమండ్రి దాటింది. మర్నాడు తణుకులో ఉన్న మా బావమరిది దగ్గర నుంచి, ‘జాగ్రత్త, గోదావరి లంకల్లో చిరుత’ అన్న ఎర్రక్షరాలతో తిరిగి వచ్చింది. మూడు రోజులు టీ కొట్టు దగ్గర నాకు కూర్చోడానికి కుర్చీ ఇచ్చారు. ఒకాయన మాత్రం ఫోను దగ్గరికి పెట్టుకుని చూసి, “తోకేదండీ?” అన్నాడు.

“పట్టలేదండి ఫ్రేములో. అంత పొడుగు.”

మా ఆవిడ ఆ మాట విని, నేను ఇంటికి వచ్చాక, “ఆ పిల్లిని చూసి మీరు పడవ దాకా ఎలా పరిగెత్తారో, నాతో చెప్పినట్టు వాళ్ళకీ చెప్పకపోయారా?” అంది. పరిగెత్తిన మాట నిజమే. ఫొటో తీసుకున్నాకే పరిగెత్తాను.

నాలుగో రోజు దీపాలు పెట్టే వేళకు ఆ లంకలో దొండపాదులూ అరటీ వేసే రైతు మా ఇంటికి వచ్చాడు. అతని పెళ్ళికి ఫొటోలు తీసింది నేనే. కొంచెం పొట్టి మనిషి, ఆల్బమ్‌లో మాత్రం ఆరడుగులు. అప్పటి నుంచి నేనంటే అభిమానం. లంకకు వెళ్ళినప్పుడల్లా అతని పడవలోనే వెళతాను. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“బాబాయ్ గారూ, రేపు పొద్దున్న మీరు లంకలోకి రావాలండి. రెల్లు తగలెడుతున్నాం.”

“ఏ రెల్లు?”

“మీ చిరుతున్న రెల్లేనండి. ఇంకే రెల్లుంది? ఏటి పక్కన అరెకరం. మూడు పక్కలా నిప్పెట్టి, నాలుగో పక్క డబ్బాలు కొడతాం. బయటికొస్తే ఏట్లో పడాలి. లేదంటే లోపలే మాడాలి. ముప్ఫైమంది దాకా వస్తున్నారండి. అది ఎక్కడ పడుకుంటుందో మీరైతే వేలెట్టి చూపిస్తారు కదా అని.”

కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఆ రెల్లు మొదట్లోంచి తొంగి చూసిన గుప్పెడంత ముఖం నాకు కనిపించింది. ఫొటో చెరిపేశాను గానీ కళ్ళలోంచి చెరగలేదు.

“అటవీ శాఖ వాళ్ళకి చెప్పలేదా?”

“చెప్పామండి. ఎల్లుండి వచ్చి చూస్తామన్నారు. ఎల్లుండి దాకా గేదెల సంగతేంటండి? మా అమ్మ అవతల పాక దగ్గర ఏదో కదిలిందని పరిగెత్తి, పడి, చెయ్యి బెణికించుకుంది. నాలుగు రోజుల్నించి గట్టు దిగదు. దొండకాయలు ముదిరిపోతున్నాయి, కోసే ఆడవాళ్ళు పడవెక్కట్లేదు. అందరి ఫోన్లోనూ మీ ఫొటోయే.”

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. “చెప్పండి,” అంది. ఆ ఒక్క మాటే.

చెప్పాను. చిరుత కాదని, బావురుపిల్లి అని, పిల్లతో ఉందని, బొండం సంగతి, తోక సంగతి. చెబుతున్నంతసేపూ అతను నా వంక జాలిగా చూశాడు. నా మాట పూర్తయ్యాక చిన్నగా నవ్వాడు.

“చిరుతని చంపితే కేసవుతుందని ఎవరైనా భయపెట్టారాండీ?”

“లేదయ్యా, నిజం చెబుతున్నాను.”

“మొన్న తోక ఫ్రేములో పట్టలేదన్నది కూడా నిజవేనన్నారంట కదండీ.”

“అది అబద్ధం. ఇది నిజం.”

“ఏది నిజవో మేమెలా తెలుసుకోవాలండి? ఆ బొండమున్న ఫొటో చూపించండి.”

“చెరిపేశాను.”

అతను మా ఆవిడ వైపు చూశాడు, ఈ మనిషితో ఎలా వేగుతున్నారండీ అన్నట్టు. జీవితమంతా ఉన్నదానికి కాస్త చేర్చి చెప్పాను, అందరూ నమ్మారు. ఉన్నదున్నట్టు చెబితే ఒక్కడు కూడా నమ్మడం లేదు. రేపు పొద్దున్నకు రెల్లు మండుతుంది. ఇక నాకు ఒక్క దారే మిగిలింది.

“నీ పెళ్ళి ఆల్బమ్ ఉందా?” అన్నాను.

“ఉందండి.”

“ఇంటికెళ్ళి తియ్యి. అందులో నీ పక్కన ఎక్కడైనా గుమ్మం కనిపిస్తుందేమో చూడు. కుర్చీ కనిపిస్తుందేమో చూడు. నీ బావమరిది నీ పక్కన నిలబడ్డ ఫొటో ఒక్కటైనా ఉందేమో చూడు. నిన్నెలా తీశానో పిల్లినీ అలాగే తీశాను.”

అతనికి ఆల్బమ్ తెరవవలసిన పని లేకపోయిందని నాకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. మా ఆవిడ చూపు తిప్పుకుని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. అతని గర్వాన్ని అతని ఎదుటే ఒలిచి చూపించాను. ఆ పిల్లి కోసమైనా సరే, చెయ్యవలసిన పని కాదది.

చివరికి లేచాడు. “మంచు ఆరేదాకా రెల్లు అంటుకోదండి. అప్పటి దాకా టైము మీది. నేను ముందుగా మిమ్మల్ని పడవలో దింపుతాను. ఫొటో తియ్యండి, పక్కన కొలతతో సహా. అది చూపిస్తే జనానికి నేను చెప్తాను. లేదంటే నా చేతుల్లో ఉండదండి.”

పొద్దున్న పడవ ఎక్కేటప్పటికి మంచులో ఏరు కనిపించడం లేదు. పడవ తోసే గెడ నీళ్ళలో మునిగిన చప్పుడే తప్ప నీళ్ళు కనిపించడం లేదు. బ్యారేజీ మీద లారీల హారన్లు మాత్రం పక్కనే మోగుతున్నట్టు వినిపిస్తున్నాయి. రైతు రాత్రి మాటల గురించి ఏమీ ఎత్తలేదు. పడవ ముందు భాగంలో వాళ్ళమ్మ పాలు పితికి పోసే అల్యూమినియం క్యాన్ ఒకటి ఉంది, ఖాళీది. నా మోకాలి పైదాకా వస్తుంది.

“ఇది అందరికీ తెలుసండి,” అన్నాడు. “లంకలో దీన్ని మొయ్యనివాడు లేడు. దీని పక్కన నిలబెట్టండి మీ పిల్లిని.”

పిల్లి నీళ్ళకు దిగే సందు నాకు గుర్తుంది. రెల్లు రెండు పక్కలకూ విడిపోయి, మధ్యలో ఇసక నునుపుగా అయి ఉంది. అక్కడక్కడ చేప పొలుసులు. ఆ సందు పక్కన క్యాన్ పెట్టి, వెనక్కి వచ్చి, కెమెరా కదలకుండా ఊక నింపిన సంచి మీద లెన్సు ఆనించి బోర్లా పడుకున్నాను. రైతు నా వెనక దూరంగా, జనం వచ్చే దారిలో నిలబడ్డాడు.

చూస్తే ఏముంది, మంచు తెల్లగా గోడ కట్టినట్టు ఉంది. క్యాన్ కూడా కనిపించడం లేదు. అప్పుడు అర్థమైంది నాకు నా ఇరకాటం. మంచు ఉన్నంతసేపూ వాళ్ళు నిప్పు పెట్టలేరు, నేను ఫొటో తియ్యలేను. మంచు విడిస్తే నేను ఫొటో తియ్యగలను, వాళ్ళు నిప్పు పెట్టగలరు. రెండూ ఒక్కసారే అవుతాయి. మధ్యలో ఎంత వ్యవధి దొరుకుతుందో ఎవరికీ తెలియదు.

నాకు చలికాలం దగ్గు. నాలుక కింద లవంగం పెట్టుకున్నాను. దగ్గు వచ్చినప్పుడల్లా ఇసకలో గడ్డం గుచ్చి మింగాను. పొట్ట కింద తడి మెల్లగా చొక్కా దాటి లోపలికి వచ్చింది. వేళ్ళు మొద్దుబారిపోయాయి. రెల్లు ఆకుల చివర్ల నుంచి మంచు నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. పొద్దు తెలుసుకోడానికి ఆ చప్పుడొక్కటే ఆధారం. మొదట్లో రెండు అంకెలు లెక్కపెట్టేలోగా బొట్టు పడేది. తరువాత ఐదు. తరువాత తొమ్మిది. రెల్లు ఆరుతోంది.

గట్టు వైపు నుంచి మాటలు వినిపించాయి. పడవలు రేవుకు తగిలిన చప్పుడు. ఎవరో ఖాళీ నూనె డబ్బా మీద ఒక దెబ్బ వేశారు, సరిచూసుకోడానికి కాబోలు. రైతు గొంతు, “ఆపండ్రా, అప్పుడే కాదు” అంది. కిరసనాయిలు వాసన నా ముక్కు దాకా వచ్చింది. నాకు వచ్చిందంటే రెల్లులో ఉన్నదానికి ఎప్పుడో వచ్చి ఉంటుంది.

పదిహేను లెక్కపెట్టాక ఒక బొట్టు పడింది. ఇరవై రెండు. మంచు వెనక సూర్యుడు పచ్చి అప్పడంలా కనిపించాడు. క్యాన్ మూత మెరిసింది, తరువాత మెడ, తరువాత అడుగు. వెనక ఎవరో, “ఇంకేం ఆరాలండీ, గలగలలాడుతుంటేను” అన్నారు. రైతు ఏదో జవాబు చెప్పాడు, వినిపించలేదు.

ముప్ఫై నాలుగు దగ్గర లెక్క తప్పింది. సందులో రెల్లు కదిలింది. గాలి లేదు.

తల వచ్చింది. నోట్లో ఏదో వేలాడుతోంది. పిల్ల, మెడ దగ్గర పట్టుకుని తెస్తోంది. నా కెమెరా ఫోకస్ మంచునీ రెల్లునీ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఊగింది, పిల్లి మీద నిలవలేదు. పెళ్ళిళ్ళలో హోమం పొగలో చేసినట్టు లెన్సు రింగు చేత్తోనే తిప్పాను. మొద్దుబారిన వేళ్ళకు రింగు ఎంత తిరిగిందో తెలియలేదు. పిల్లి రెండడుగులు వేసి క్యాన్ దగ్గర ఆగింది. పాల వాసన కాబోలు, పిల్లను వదలకుండానే ముక్కు అటు చాపింది. దాని వీపు క్యాన్ మెడకు జానెడు కింద ఉంది. పొట్టి తోక కిందికి దిగి ఉంది. నొక్కాను. నాలుగుసార్లో ఐదుసార్లో. చప్పుడుకు ఇటు చూసింది. ఈసారి నిజంగానే నా వైపు చూసింది. మరుక్షణం నీళ్ళలో ఉంది. తల పైకెత్తి, పిల్లను నీళ్ళకు తగలనివ్వకుండా చిన్న పాయ దాటి, అవతలి తిప్ప మీది రెల్లులోకి వెళ్ళిపోయింది.

లేవబోతే మోకాళ్ళు లేవలేదు. రైతు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు.

గట్టు మీద ముప్ఫైమంది అన్నాడు గానీ ఇరవై మందే ఉన్నారు. చేరుస్తూ చెప్పడం నా ఒక్కడి జబ్బే కాదు. కెమెరా చుట్టూ మూగారు. రైతు తల్లి చేతికి కట్టుతో ముందు నిలబడింది. నాలుగు రోజుల తరువాత లంకలో అడుగు పెట్టిందట, చిరుత చావు చూడ్డానికి.

“ఇదా?” అంది.

“ఇదే అక్కగారూ.”

“మా పాల క్యానంత లేదేంటయ్యా?”

“లేదండి.”

“దీనికా నేను చెయ్యి విరగ్గొట్టుకుంది?” కొంచెంసేపు నా ముఖం చూసింది. “మా వియ్యపురాలు పెళ్ళి ఆల్బమ్ చూసి, పక్కన నుంచున్న అల్లుణ్ణి చూసి, ఈ రెండో అబ్బాయెవరండీ అనడిగింది. అప్పుడే పట్టుకోవాల్సింది నిన్ను.”

నవ్వులు లేచాయి. రైతు కూడా నవ్వాడు, నేల చూస్తూ. నాకు ప్రాణం కొంత కుదుటపడింది. కానీ అవతలి గట్టు మీద చేపల చెరువున్న ఒక ఆసామి కిరసనాయిలు డబ్బా కింద పెట్టలేదు.

“పిల్లి అయితే మరీ మంచిదండి,” అన్నాడు. “నా చెరువులో చేపల్ని తినేది ఇదే. వచ్చినవాళ్ళం వచ్చాం. రెల్లు ఎలాగూ తియ్యాల్సిందే. కానిచ్చేద్దాం.”

ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు. రెల్లు ఆరిపోయింది. ఎండ పడింది. రైతు నా వైపు తిరిగాడు.

“లోపల ఇంకా పిల్లలున్నాయాండీ?”

నేను ఆ రోజు చూసింది ఒక్క ముఖం. ఆ ఒక్కదాన్నీ తల్లి ఇప్పుడే తీసుకుపోయింది. నాకు తెలిసినంత వరకు లోపల ఏమీ లేదు. అదే చెప్పి ఉండవలసింది. నా నోరు నలభయ్యేళ్ళ అలవాటు ప్రకారం పని చేసింది.

“మొత్తం మూడు. ఇంకా రెండున్నాయి.”

“మూడూ దాటేదాకా ఎవరూ అగ్గిపుల్ల గియ్యొద్దు,” అన్నాడు రైతు.

“లెక్కెట్టిందెవరు?” అన్నాడు చెరువు ఆసామి.

“ఈయనే.”

“ఈయన లెక్కలో మూడంటే అసలుకి ఒకటై ఉంటుందండి.”

సరిగ్గా చెప్పాడు. నేను ఏటివైపు చూస్తూ నిలబడ్డాను.

అందరూ గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. సందు నుంచి దూరంగా, మాటలు తగ్గించి. అది తిరిగి రాకపోతే నా అబద్ధం బయటపడుతుంది. బయటపడితే నవ్వుతారు, నవ్వి నిప్పు పెడతారు. లోపల ఏమీ లేదు కదా, పెడితే ఏమవుతుంది అని ఒక పక్క అనుకుంటున్నాను. ఏమీ లేదని నీకెలా తెలుసు అని ఇంకో పక్క. నేను చూసింది ఒక్కటే. ఉన్నవెన్నో చూడలేదు. చూసిన ఒక్కదాన్నీ దాచుకున్నవాణ్ణి, చూడనివాటి గురించి ఎలా చెబుతాను?

ఎండ వీపు మీదికి వచ్చింది. చెరువు ఆసామి రెండుసార్లు లేచాడు, రెండుసార్లు రైతు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మూడోసారి లేచినప్పుడు ముసలావిడ కట్టున్న చేతితోనే అతని లుంగీ పట్టి లాగింది.

“అదిగో తల,” అంది గుసగుసగా.

పాయ మధ్యలో నీళ్ళ మీద గుండ్రటి తల. చెవులు వెనక్కి మడిచి ఈదుకుంటూ ఇటే వస్తోంది. గట్టెక్కింది, ఒళ్ళు విదిలించుకుంది, మా వైపు చూసి నేలకు అణిగి, ఒక్క పరుగున సందులో దూరింది. లోపల చాలాసేపు ఉంది. బయటికి వచ్చినప్పుడు నోట్లో రెండో పిల్ల ఉంది.

నేను ఫొటో తియ్యలేదు. తీశానని తరువాత చాలామందికి చెప్పాను. కెమెరా ఇసకలో పెట్టేసి ఉంది. అది నీళ్ళలో దిగిన చోటు నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. నేను గంట కిందట ఉన్నమాట చెప్పి ఉంటే, ఒక్కటే అని నాకు తెలిసిన నిజం చెప్పి ఉంటే, ఇది లోపల మాడి ఉండేది.

“రెండు,” అన్నారు ఎవరో. ఇప్పుడు ఎవరి గొంతులోనూ ఎగతాళి లేదు.

మూడో దాని కోసం కూర్చున్నాం. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పడమటి గాలి మొదలైంది. ఆ గాలికి రెల్లు పొడిగా రాసుకుంటోంది. ఏటి మీద ఏ తలా కనిపించలేదు. మంచి గాలి పోతోందని ఒకడు గొణిగాడు. ఇద్దరు పడవ తీసుకుని వెళ్ళిపోయారు.

రైతు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“బాబాయ్ గారూ, ఈసారి నిజం చెప్పండి. మీరు కళ్ళతో చూసినవెన్ని?”

మూడు అంటే సాయంత్రం దాకా ఆగుతాడు. ఆగినా మూడోది లేకపోతే, ఇక జన్మలో నా మాటకు విలువ ఉండదు. ఒకటి అంటే రెండు దాటిపోయాయి కాబట్టి లేచి నిప్పు పెడతాడు. మూడోది ఉంటే? నేను ఎటు చెప్పినా లోపల ఉన్నదీ లేనిదీ మారదు. మారేదల్లా అతని చేతిలోని అగ్గిపెట్టె.

“ఒక్కటే చూశాను,” అన్నాను.

“మరి రెండోది?”

“నాకూ నీతో పాటే తెలిసింది.”

“మూడోది?”

“తెలీదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. నేను చెప్పలేను.”

కోపగిస్తాడనుకున్నాను. అతను ఇసకలోంచి ఒక పుల్ల తీసి విరుస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ వెనకే నిలబడి అంతా విందని మాకు తెలియదు.

“ఉందో లేదో తెలీనప్పుడు నిప్పెలా పెడతావురా?” అంది.

“మరేం చెయ్యమంటావే?”

“పాకలో కొడవళ్ళున్నాయి. మనుషులున్నారు.”

అరెకరం రెల్లు. నిప్పు పెడితే కాసేపటి పని, కొడవలితో పొద్దు పోయే పని. రెల్లు ఆకు అంచు చేతులు కోస్తుంది. చెరువు ఆసామి డబ్బా ఎత్తుకుని, ఇదెక్కడి గొడవండీ బాబూ అంటూ పడవెక్కాడు. అతనితో మరి కొందరు. తొమ్మిదిమంది మిగిలారు. రైతు అందరికంటే ముందు లుంగీ ఎగ్గట్టాడు.

“ఏటి పక్క నుంచి కాదు, పైనుంచి కోద్దాం,” అన్నాడు. “ఏదైనా ఉంటే నీళ్ళ వైపు దారి ఉండాలి. చూసి కొయ్యండి. ముందు చేత్తో విడదీసి, తరవాత కొడవలి.”

నేనూ కోశాను. రెండు కట్టలు. మూడో కట్టకు నడుం పట్టేసింది. అప్పటి నుంచి కోసినవి లాక్కుని పక్కన వేశాను. తొమ్మిదిమందీ వరసలో వంగి, ప్రతి దుబ్బునూ చేత్తో విడదీసి, లోపల చూసి, అప్పుడు కొడవలి వేస్తున్నారు. ఎక్కడైనా ఆకు కదిలితే వరసంతా ఆగిపోతోంది. ఒకసారి లోపలి నుంచి ఏదో ఒక్కసారిగా లేచింది. ఒకడు కొడవలి వదిలేసి వెనక్కి పడ్డాడు. కంజు పిట్ట. ఎవరూ నవ్వలేదు.

పొద్దు వాలేటప్పటికి మంచమంత రెల్లు మిగిలింది, సందు పక్కన, నీళ్ళకు దగ్గరగా. అందరూ నడుం ఎత్తి నిలబడ్డారు. కొడవలి వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు. ముసలావిడ గేదె పాక వైపు నుంచి వచ్చి కొంచెం దూరంలో ఆగింది.

రైతు కొడవలి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో రెల్లు విడదీశాడు. నేను అతని భుజం మీదుగా చూశాను. లోపల గడ్డి గుండ్రంగా అణిగి, బుట్టలా ఉంది. అంచున రెండు చేప ముళ్ళు, కొన్ని పొలుసులు. ఇంకేమీ లేదు. అతను అటూ ఇటూ మరో రెండు దుబ్బులు విడదీసి చూశాడు. ఏమీ లేదు.

“రెండేనండి,” అన్నాడు.

తిరిగి ఆ అణిగిన గడ్డి మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

“ఇంకా వెచ్చగా ఉందండి. చూడండి.”

వంగి నేనూ చెయ్యి పెట్టాను. పొద్దంతా రెల్లు లాగి కోసుకుపోయిన నా అరచేతికి చల్లదనమూ తెలియడం లేదు, వెచ్చదనమూ తెలియడం లేదు.

“ఆయ్,” అన్నాను. “బాగా వెచ్చగా ఉంది.”